టీకి ముందు చెప్పే మాట

నాయన చనిపోయాక జరిపే దివసాల రోజు సాయంత్రం, బంధువులంతా భోజనాలు చేసి బస్సులకు వెళ్ళిపోయాక, అమ్మ నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టి, పైమిద్దె తలుపు తీసి ఊడ్చమంది. నాయన స్నేహితుడు మస్తాన్ మామ, ఇంకో నలుగురు ముసలివాళ్ళు ఇళ్ళకు పోకుండా అరుగు మీద కూర్చుని ఉన్నారు. కాసేపు పైన కూర్చుంటారని చెప్పింది. ఆ గుత్తిని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అందులో మిల్లు తాళం పోయింది, గోదాము తాళం పోయింది, బీరువా తాళం మారింది. తాళాలను గుచ్చిన ఇనుప బిళ్ళ మాత్రం అదే. అది క్రికెట్ ప్యాడును కాలికి బిగించే బకిల్. ఒక ప్యాడు నుంచి నాయన దాన్ని కోసి తీసి, దానికి తాడు కట్టి, నలభై ఏళ్ళకు పైగా మొలలో పెట్టుకుని తిరిగాడు. ఆలోచనలో పడితే బొటనవేలితో దాన్ని రుద్దేవాడు. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా దిండు కింద చెయ్యి పెట్టి వెతికితే, అమ్మ ఇంటికి మనిషిని పంపి తెప్పించి చేతికిచ్చింది.

మాది ప్రొద్దుటూరు. శెనక్కాయల నూనె మిల్లు ముందు, ఇల్లు వెనక. మిల్లు గోదాము మీద ఒక పొడవాటి గది. దాన్నే పైమిద్దె అనేవాళ్ళం. ఆ గదిలో చెక్క వాసన ఎప్పుడూ పోయేది కాదు. నూనె తీశాక మిగిలే శెనగచెక్క బస్తాలు కింద ఉండేవి గనుక గోడల్లోంచి, నేల రాళ్ళలోంచి ఆ వాసన పైకి వచ్చేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు అది ఇంటి వాసన. ఇప్పుడు తలుపు తీస్తే దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు. మిల్లు మూసి చాలా కాలమైంది. ప్యాకెట్లలో నూనె వచ్చాక మా గానుగ నూనె కోసం క్యాన్లు పట్టుకుని వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఇప్పుడు మిల్లు ఉన్న చోట బంగారు దుకాణం వాళ్ళు కార్లు నిలుపుకుంటున్నారు.

ఆ పైమిద్దెలో నెలకొకసారి, ఆదివారం సాయంత్రం, క్రికెట్ సంఘం కూర్చునేది. ఆటకు వేరే జట్టు ఉండేది, దానికి వేరే పెద్దలు ఉండేవారు. ఈ సంఘం ఆట మానేసినవాళ్ళది, ఆట చూసేవాళ్ళది. ప్రతినెలా ఎవరో ఒకరిని పిలిపించి మాట్లాడించేవారు. గుంతకల్లు నుంచి ఒక రైల్వే బౌలరు వచ్చాడు. కడపలో పిచ్‌కు నీళ్ళు పట్టే మనిషి వచ్చి, మట్టి గురించి రెండు గంటలు చెప్పాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు ఒకాయన, బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకాయన. పెద్ద ఆటగాళ్ళెవరూ రాలేదు. మా పైమిద్దెకు వాళ్ళు వస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. పిలిచే పని నాయనదే. కార్డు రాయడం ఆయనకు మర్యాదగా తోచేది కాదు. బస్సెక్కి వెళ్ళి, అరటిపళ్ళు చేతిలో పెట్టి పిలిచి వచ్చేవాడు.

వచ్చినాయన చెప్పాలనుకున్నది చెప్పుకున్నాక, నాయన లేచి ఒక ప్రశ్న అడిగేవాడు. ప్రతినెలా అదే ప్రశ్న. "ఎన్ని కొట్టితివో మాకొద్దప్పా. ఎట్ల ఔటైతివో చెప్పు." ఎప్పుడైనా బాగా మనసుకు పట్టిన ఒక ఔటు గురించి ఆయన చెప్పాలి. చెప్పాక సభలో అందరికంటే పెద్దవాడైన కొండయ్య తాత "ఔటే" అనాలి. ఆ మాటతో ఆ కథ ముగిసినట్టు. ఆపైన దాని మీద ఎవరూ వాదించకూడదు. మొదట్లో ఈ నియమం లేదు. ఎవరో తన ఔటు కథ చెబితే, అది ఔటా కాదా అని రెండు వర్గాలుగా చీలి అన్నాల వేళ దాకా అరుచుకున్నారట. అప్పుడు నాయన పెట్టిన కట్టుబాటు ఇది. మనిషి క్రీజు వదిలి వచ్చాక అతనికి కావలసింది తీర్పు కాదు, పక్కన కూర్చునే మనుషులు అని ఆయన ఉద్దేశం కావచ్చు. అలా అని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను అనుకుంటున్నాను.

కోస్తా నుంచి వచ్చిన ఆ బ్యాంకు మేనేజరుకు ఈ పద్ధతి తెలియదు. తన సెంచరీల గురించి చెప్పి కూర్చోబోతుంటే నాయన ప్రశ్న అడిగాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఏమండీ, మీరు నన్ను పిలిచింది గౌరవించడానికా, పరువు తీయడానికా?" అన్నాడు. కొండయ్య తాత చుట్ట పక్కన పెట్టి, "పరువు ఈడ ఎవరికీ లేదులే సార్, కూచోని చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. కాసేపటికి ఆయనా నవ్వాడు. తర్వాత చెప్పాడు. కాలేజీ రోజుల్లో ఒక మ్యాచికి వాళ్ళ నాన్నగారు మొదటిసారి చూడటానికి వచ్చారట. పరుగు తీస్తూ, ఆయన ఎక్కడ కూర్చున్నారో చూద్దామని తల తిప్పాడట. రనౌట్. "ఆ తరవాత ఆయన ఎప్పుడూ రాలేదండీ" అని ఆగిపోయాడు. కొండయ్య తాత చాలా మెల్లగా "ఔటే" అన్నాడు. ఆ మేనేజరు మా ఊళ్ళో ఉన్నంత కాలం ఏ నెలా సంఘం మానలేదు.

ఇదంతా నాకెట్లా తెలుసంటే, ఆడవాళ్ళం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. పైకి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. అమ్మ మధ్యాహ్నం నుంచే బొరుగులు తడిపి పిండి, పుట్నాల పొడి కొట్టి, ఉల్లిపాయలు తరిగి పెట్టుకునేది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, టీ. మా జేజి, అంటే నాయన తల్లి, పొయ్యి దగ్గర కూర్చుని బజ్జీలకు మిరపకాయలు చీల్చేది. "ఆడేది లేదు, పాడేది లేదు, ఔటైన కథలు చెప్పుకోని బజ్జీలు తినేదానికి ఒక సంఘం" అని ప్రతినెలా ఒకసారి తప్పకుండా అనేది. టీ మాత్రం "ఔటే" అన్న మాట పడ్డాకే పైకి పోవాలి. కథ మధ్యలో గ్లాసుల చప్పుడు కాకూడదని నాయన కోరిక. అందుకని అమ్మ పాలు కాచి, డికాషన్ పక్కన పెట్టుకుని, పై నుంచి రెండో మెట్టు మీద కూర్చుని ఆ మాట కోసం చెవి పెట్టేది. బంతి అంటే ఏమిటో, వికెట్ అంటే ఏమిటో అమ్మకు అక్కరలేదు. కానీ మా జిల్లాలో ఎవరెవరు ఎట్లా ఔటయ్యారో అమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చీకటి పడ్డాక గిన్నెలు తోముతూ, "ఆ గుంతకల్లాయన పాపం, గ్లవ్సు ఊడిపోతే బ్యాటు ఎట్ల పట్టుకుంటాడు" అని తనలో తాను అనుకునేది.

నాయన కథ మాత్రం పైమిద్దెలో ఎప్పుడూ వినబడలేదు. ఆయన అడిగేవాడు, అడిగించుకునేవాడు కాదు. ఆ కథ నాకు మస్తాన్ మామ చెప్పాడు. మస్తాన్ మామ దర్జీ. నాయనా, ఆయనా చిన్నప్పటి నుంచి కలిసి ఆడారు. జమ్మలమడుగులో ఒక మ్యాచి. కడప నుంచి జిల్లా జట్టుకు మనుషుల్ని ఎంచేవాళ్ళు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. నాయన అప్పటికి కుదురుగా ఆడుతున్నాడు. బంతి కాలి పక్కగా పోయి కీపరు చేతిలో పడింది. ఒక చప్పుడైంది. బ్యాటుకు తగిలిందని అంపైరు వేలెత్తాడు. "బ్యాటు కాదు పాపా, ప్యాడు బకిల్‌కు తగిలింది. నేను అవతలి కొసన నిలబడుకోని ఉంటి. కండ్లారా చూస్తి" అని మస్తాన్ మామ చెప్పాడు. నాయన మాట్లాడకుండా వచ్చేశాడు. జిల్లా జట్టుకు వేరేవాళ్ళను తీసుకున్నారు. మరుసటి రోజు నుంచి మా అబ్బతో, అంటే తన తండ్రితో, పాటు మిల్లులో కూర్చున్నాడు. మళ్ళీ బ్యాటు పట్టలేదు. పట్టమని ఎవరైనా అంటే బకిల్ చూపించి, "మిల్లు తాళాలు ఎవరు మోస్తారప్పా" అనేవాడు.

ఆ అంపైరు జమ్మలమడుగు బడిలో డ్రిల్లు మాస్టారు. ఓబులేసు సారు. ఆయనను పిలవాలని నాయన ఎంత కాలంగా అనుకున్నాడో తెలియదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకనాడు అరటిపళ్ళు కొనుక్కుని బస్సెక్కాడు. తిరిగి వచ్చి చెబితే మస్తాన్ మామ కుట్టుమిషను ఆపేశాడు.

"నీకేమన్నా పిచ్చా కేశవా. ఆయప్పను పిల్చి ఏమడుగుతావు?"

"అందర్నీ ఏమడుగుతానో అదే."

"ఆయన ఆడింది లేదు. ఔటైంది లేదు."

"ఔటిచ్చినాడు గదా" అన్నాడు నాయన.

ఆ ఆదివారం పైమిద్దెలో చోటు లేదు. అందరికీ కథ తెలుసు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేజి కూడా ఆ రోజు వేళాకోళం చేయలేదు. ఓబులేసు సారు సన్నగా, వంగిపోయి, లావాటి కళ్ళద్దాలతో ఉన్నారు. పక్కన కర్చీఫులో చింతగింజలు తెచ్చుకున్నారు. ఓవరులో బంతులు లెక్క పెట్టడానికి అవే వాడేవారట, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి. ఎండలో నిలబడటం గురించి, ఊళ్ళవాళ్ళ తిట్ల గురించి చెప్పారు. బాగా నవ్వించారు. ఆ తర్వాత నాయన లేచాడు. గొంతు మామూలుగానే ఉంది. బకిల్ చేతిలో ఉందని అమ్మ మెట్ల మీద నుంచి నాకు చూపించింది.

"సార్, మీరు ఇచ్చిన ఔట్లల్లో ఇప్పటికీ మనసులో ఉండేది ఏదన్నా ఉండాదా?"

సారు చింతగింజలను కర్చీఫులో మూట కట్టారు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండాదప్పా. ఒకటుండాది" అన్నారు. "తప్పిచ్చినా. ఇది ఇంతవరకు ఎవురికీ చెప్పల్యా."

వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వంగారు.

"పులివెందుల పిల్లోడు. వీరన్న అని. ఎడమచేతి వాటం. దుమ్ము గాలి లేచింది, నా కండ్లల్లో పడింది. పరుగు తీస్తాండాడు, ఆ పక్క వికెట్లు కొట్టినారు. నేను చూడల్యా. అందరూ అరుస్తాండారు. వేలెత్తేస్తి. ఆ పిల్లోడు తిట్టల్యా, గుర్రుగా చూడల్యా. టోపీ తీసి నాకు నమస్కారం పెట్టి పాయ. ఆ నమస్కారం ఇంగా మోస్తాండా నేను. వాడు యాడుండాడో, ఎట్లుండాడో తెల్దు."

ఎవరూ నాయన వైపు చూడలేదు. నేను చూశాను. ఆయన తలుపు పక్కన నిలబడి, ఎవరో కొత్త మనిషిని విన్నట్టు విన్నాడు. సారుకు మా నాయన ఔటు గుర్తే లేదు. ఆయన గుండెలో ఒక ఔటుకు చోటుంది, అక్కడ ఇంకెవరో ఉన్నారు. అప్పుడు కొండయ్య తాత నాయన ముఖం చూశాడు. "చెప్పు మామా" అన్నాడు నాయన. తాత "ఔటే" అన్నాడు. అమ్మ టీ పోస్తుంటే రెండు గ్లాసులు పొర్లాయి.

సారును బస్సు దగ్గరికి దిగబెట్టి వచ్చి, నాయన అమ్మతో అన్నాడు. "వీరన్న కోసం పులివెందులకు పోదామని చెప్పినా సారుకు. ఆదివారం పోతాం."  పులివెందుల దగ్గర వేంపల్లెలో ఉన్న మా అత్తను చూసి చాలా రోజులైంది గనుక నన్నూ వెంటపెట్టుకుని పొమ్మంది అమ్మ. ఆయనను ఒంటరిగా పంపడం ఇష్టం లేక అట్లా అన్నదని నాకు తర్వాత అర్థమైంది.

ముద్దనూరులో సారు మాతో కలిశారు. పులివెందులలో విచారిస్తే వీరన్న దొరకడం కష్టం కాలేదు. ఊరి బయట చీనీ, అంటే బత్తాయి, తోట. కాయలు కోయించి గంపలకెత్తిస్తున్నాడు. లావాటి మనిషి, తలకు తువ్వాలు. బోరు దగ్గర మోటారు ఆపించి మమ్మల్ని నీడలో కూర్చోబెట్టాడు. చీనీ కాయలు ఒలిచి ముందు సారుకు, తర్వాత నాకు పెట్టాడు. సారుకు కాయ చేతిలోనే ఉండిపోయింది. జరిగింది చెప్పి, "తప్పిస్తి నాయనా. చూడకుండానే వేలెత్తితి" అన్నారు.

వీరన్న కాసేపు ఆలోచించాడు. తర్వాత నవ్వాడు.

"అదా సార్? నేను గీతకు రెండు మూరల బయట ఉంటి. ఔటే నేను. మీరు చూడకున్నా సరిగ్గానే ఇస్తిరి."

"మల్ల నమస్కారం ఎందుకు పెడితివి?"

"మీరు మా బడికి కొన్నాళ్ళు డ్రిల్లు సారుగా వస్తిరి గదా. నేను చిన్న తరగతి, మీకు గుర్తుండదు. సారు కనపడితే నమస్కారం పెట్టద్దా?"

ఓబులేసు సారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచారు. ఎంతసేపు తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు. నాయన లేచి తోటలోకి వెళ్ళి చెట్ల మధ్య కాసేపు తిరిగి వచ్చాడు. వీరన్న ఒక సంచి నిండా కాయలు కట్టి ఇచ్చాడు.

బస్టాండులో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. సారుకు జమ్మలమడుగు బస్సు, మాకు వేంపల్లె బస్సు. ఆయన ముఖం తేటపడింది. ఇంకో చీనీ కాయ ఒలుచుకుని తిన్నారు కూడా. ఉన్నట్టుండి నాయన వైపు తిరిగారు.

"నువ్వు గూడ ఆడేవాడివంట గదప్పా. నీకు నేనెప్పుడన్నా అంపైరింగ్ చేసినానా?"

"చేసినారు సార్. ఒకసారి."

"ఔటిచ్చినానా?"

"ఇచ్చినారు."

సారు ఒలవడం ఆపారు. "సరిగ్గానే ఇచ్చినానా?"

నాయన బొటనవేలు బకిల్ మీద ఉంది. నేను పక్కనే ఉన్నాను గనుక చూశాను. ఆ వేలు ఒక్కసారి ఆగింది.

"సరిగ్గానే ఇచ్చినారు సార్. బ్యాటుకు తగిలింది" అన్నాడు.

సారు తల ఊపి, మిగిలిన తొనలు నాకు ఇచ్చారు. ఆయన బస్సు వచ్చింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, సంచి కాళ్ళ దగ్గర సర్ది, నాయన కిందికి దిగి బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. నేను ఉండబట్టలేక అడిగాను. "నాయనా, తగిలిందా?"

"ఆయప్ప ఇప్పుడే ఒక బరువు దించుకొన్యాడు పాపా" అన్నాడు. వేంపల్లె బస్సు రాగానే ముందు ఎక్కి నాకు చోటు పట్టాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పవద్దని ఆయన అనలేదు. అయినా నేను చెప్పలేదు. చెబితే అది మస్తాన్ మామ దాకా పోతుంది, మస్తాన్ మామ కోప్పడతాడు. ఓబులేసు సారు ఆ తర్వాత రెండేళ్ళో మూడేళ్ళో ఉన్నారు. కొండయ్య తాత పోయాడు, జేజి పోయింది. ప్రతి ఇంట్లో టీవీ వచ్చాక ఆదివారం సాయంత్రాలకు మనుషులు తగ్గారు. మాట్లాడటానికి వచ్చినాయన చెబుతుంటే కింద నుంచి స్కోరు అరిచేవాళ్ళు. ఒక నెల ఎవరినీ పిలవలేదు. తర్వాతి నెల కూడా పిలవలేదు. సంఘాన్ని ఎవరూ మూసేయలేదు. తలుపు తెరవడం మానేశారు, అంతే.

నాయన పోవడానికి కొన్నాళ్ళ ముందు సెలవులకు వెళ్ళినప్పుడు మా అబ్బాయి ఫోనులో మ్యాచి పెట్టి తాతకు చూపించాడు. బంతి బ్యాటును దాటేటప్పుడు చప్పుడైందో లేదో తెర మీద గీత గీసి చూపించే యంత్రం ఇప్పుడు ఉంది. గీత లేస్తే తగిలినట్టు. నాయన ఫోను కళ్ళ దగ్గరికి తీసుకుని చూశాడు. "ఇది బ్యాటు చప్పుడు వేరే, బకిల్ చప్పుడు వేరే అని చెప్తాదా?" అని అడిగాడు. చెబుతుందన్నాడు వాడు. "బాగుండాదే" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఆ యంత్రం అప్పుడే ఉంటే ఆయన బతుకు మరో రకంగా నడిచేదేమో. పైమిద్దె సంఘం ఉండేది కాదేమో. ఏది మేలో నేను చెప్పలేను. తప్పు జరగకుండా చూసుకోవడం ఇప్పుడు వచ్చింది. జరిగిన తప్పుతో ఎట్లా బతకాలో వాళ్ళు నెలకొకసారి కూర్చుని నేర్చుకున్నారు. అట్లా కూర్చునే చోటు ఇప్పుడు మా ఊళ్ళో ఎక్కడుందో నాకు తెలియదు.

దివసాల సాయంత్రం పైమిద్దె ఊడ్చి చాప పరిచాను. మస్తాన్ మామ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఇప్పుడు అందరికంటే పెద్దవాడు ఆయనే.  కాసేపటికి ఆయన నా వైపు చూశాడు.

"మీ నాయన అందర్నీ అడిగె. ఆయన్ను ఎవురూ అడగల్యా. నువ్వు చెప్పు పాపా. కేశవుడు ఎట్ల ఔటాయ?"

చెప్పాను. జమ్మలమడుగు మ్యాచి వాళ్ళకు తెలిసిందే. చీనీ తోట కూడా సగం తెలుసు. బస్టాండు మాట ఎవరికీ తెలియదు. అది చెప్పేటప్పుడు మస్తాన్ మామ తల వంచుకున్నాడు. నేను ముగించాను. ఇప్పుడు ఆయన ఒక మాట అనాలి. అందరూ ఆయన కోసం చూస్తున్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాతో కాదు పాపా. నేను అవతలి కొసన ఉంటి. బకిల్‌కు తగిలింది. నా కండ్లతో చూసినోన్ని, నేనెట్ల చెప్పేది?"

 కింద బజారులో కార్ల చప్పుడు వినబడుతూ ఉంది. అప్పుడు మెట్ల మీద గ్లాసుల పళ్ళెం కదిలింది. పై నుంచి రెండో మెట్టు మీద, ఎప్పటి చోటులోనే, అమ్మ కూర్చుని ఉంది. పులివెందుల బస్టాండు సంగతి ఆమె కూడా ఇప్పుడే విన్నది. గోడ ఆనుకుని లేచి, ఇన్నేళ్ళలో మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చి, చాప అంచున నిలబడింది.

"ఆయనే తగిలిందని చెప్పి వచ్చె గదప్పా. ఇంగ మనదేముండాది" అంది. కొంగు సర్దుకుంది. "ఔటే."

తర్వాత నా వైపు తిరిగి, "సల్లారిపోతాంది, టీ పోయ్ పాపా" అంది. నేను లేచి పోశాను.